ఓగంలో ఎవరూ 'ప్రేమ' అని చెక్కలేదు

మొన్న మా పెళ్లిరోజుకి మా ఆయన ఒక వెండి లాకెట్ కొనుక్కొచ్చారు. చిటికెన వేలంత పొడుగు కడ్డీ. మధ్యలో నిలువుగా ఒక గీత, దాన్ని ఏటవాలుగా కోస్తూ గాట్లు. కింద రెండు, కాస్త ఎడం ఇచ్చి ఐదు, మళ్లీ ఎడం ఇచ్చి పైన పొట్టిగా ఒకటి. డబ్బాలో చిన్న అట్టముక్క కూడా పెట్టారు. ఇది 'గ్రా' అనే ఐరిష్ మాట, అర్థం ప్రేమ, వేల ఏళ్ల కిందట కెల్టులు తమకు ప్రాణమైన మాటల్ని ఇలా ఓగం లిపిలో చెక్కుకునేవాళ్లు అని దాని సారాంశం.

మా అమ్మాయి దీపికకు తొమ్మిదేళ్లు. ఇక్కడ ఐర్లండ్‌లో పిల్లలందరిలాగే బడిలో ఐరిష్ నేర్చుకుంటోంది. లాకెట్‌ని అటూ ఇటూ తిప్పి, ఫోన్లో అక్షరాల పట్టిక తీసి, గాట్లు లెక్కపెట్టి, "అమ్మా, ఇందులో ఫాదా లేదు" అంది. ఫాదా అంటే అచ్చు మీద పెట్టే చిన్న గీత. దాని పూర్తి పేరు 'షీనె ఫాదా'. మాటకు మాట చెప్పాలంటే పొడుగు సాగతీత, అంటే మన దీర్ఘమే. అది ఎగిరిపోతే ఐరిష్‌లో ఎంత కొంప మునుగుతుందో వాళ్ల టీచరు మొదటి ఏడాదే చెప్పేసిందట. 'కాకా' అంటే కేకు. దీర్ఘం తీసేసి 'కకా' అంటే క్లాసంతా పడీపడీ నవ్వే ఇంకో పదార్థం. కాబట్టి దీర్ఘం లేని 'గ్ర'కు అర్థమే లేదని మా పిల్ల తీర్పు చెప్పేసింది. మా ఆయన బిల్లు ఎక్కడ పెట్టారో వెతకడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం ఫాదా సంగతి అంత పట్టలేదు. గుచ్చుకున్నది ఆ అట్టముక్క. మేం కార్క్‌లో ఉంటాం. ఊళ్లో యూనివర్సిటీ పాత భవనంలో ఒక పొడుగాటి వసారా ఉంది, దాన్ని స్టోన్ కారిడార్ అంటారు. అక్కడ 28 ఓగం రాళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. టికెట్ లేదు. వాన పడితే (ఇక్కడ పడని రోజేది) పిల్లతో అక్కడికే పోతుంటాను. అన్నిసార్లు వెళ్లినా ఆ రాళ్లలో ఒక్కదానిమీద కూడా 'ప్రేమ' అని గానీ, 'ధైర్యం' అని గానీ, 'నా ప్రాణమా' అని గానీ నాకు కనబడలేదు.

నాకు కనబడకపోవడం పెద్ద విషయం కాదు. ఇప్పటిదాకా దొరికిన 400కు పైగా రాళ్లలో ఎక్కడా లేదు.

ఫలానావాడి కొడుకు ఫలానావాడిది

మరి వాటిమీద ఏముంది? పేర్లు. ఒట్టి పేర్లు. ఐర్లండ్‌లోనే 300కు పైగా ఉన్నాయి, వాటిలో పెద్ద వాటా కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ కౌంటీలది. మిగతావి వేల్స్‌లో, ఐల్ ఆఫ్ మ్యాన్‌లో, కార్న్‌వాల్, డెవన్‌లలో, స్కాట్లండ్‌లో. కాలం ఇంచుమించు నాలుగైదు శతాబ్దాల నుంచి ఏడో శతాబ్దం దాకా. భాష ఐరిష్‌కి ముత్తవ్వ లాంటిది, ఇవాళ్టి ఐరిష్ వచ్చినవాళ్లకు కూడా అది అర్థం కాదు. రాసే పద్ధతి మాత్రం దాదాపు ఒకటే: ఫలానావాడిది, 'మక్వి' ఫలానా, 'ముకోయి' ఫలానా. మక్వి అంటే కొడుకు, తర్వాత్తర్వాత అదే 'మాక్' అయింది, మెక్‌డొనాల్డ్ లాంటి పేర్ల ముందు వచ్చే ఆ మాక్కే. ముకోయి అంటే వంశం.

మన పెళ్లిళ్లలో పురోహితుడు గొంతు పెంచి ఫలానా గోత్రోద్భవుడు, ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అని ప్రవర చదువుతాడు చూడండి, రాయి మీద సరిగ్గా అదే ధోరణి. ఇంకో చమత్కారం, పేర్లు దాదాపు అన్నీ షష్ఠీ విభక్తిలో ఉంటాయి. అంటే 'ఎర్క్' అని రాయరు, 'ఎర్క్‌ది' అన్నట్టు రాస్తారు. ఎర్క్‌ది ఏమిటి? సమాధా, పొలమా, ఈ రాయా? చెప్పరు. చూసేవాడికి తెలుసు కదా అని వదిలేశారు. ఇంగ్లిష్‌లో దీన్ని అనువదించడానికి 'యొక్క రాయి' అని ఏదో ఒకటి తగిలించాల్సి వస్తుంది. తెలుగులో ఆ బాధ లేదు. మా నాయనమ్మ గిన్నెల మీద పేర్లు కొట్టించేటప్పుడు 'సుబ్బాయమ్మది' అనే కొట్టించేది. ఏమిటి సుబ్బాయమ్మది అని ఎవరూ అడగలేదు.

పాత ఐరిష్ ధర్మశాస్త్రాలు భూమి తగాదాల్లో ఓగం రాయిని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. కనుక కనీసం కొన్ని రాళ్లయినా హద్దురాళ్ల పని చేసి ఉండాలి. ఇది చదివాక ఆ రాళ్లు నాకు ఇంకా దగ్గరయ్యాయి. ప్రేమ గురించి కాదు, పొలం గురించి! అచ్చంగా మా ఊరి గొడవ.

పోయిన వేసవిలో డింగిల్ వైపు వెళ్లినప్పుడు డన్‌మోర్ హెడ్ ఎక్కాం. ఐర్లండ్ నేల పడమటికి పొడుచుకుని సముద్రంలోకి దూకే చోటు అది. గొర్రెలు మేసే గడ్డి మీదుగా నడవాలి, గాలి మనిషిని పక్కకు తోసేస్తుంది. దిబ్బ మీద ఒక్క రాయి, నా భుజం దాకా వచ్చింది. ఎదురుగా నీళ్లలో బ్లాస్కెట్ దీవులు, 1953లో చివరి కుటుంబాలు కూడా ఖాళీ చేసి వచ్చేసిన దీవులు. రాయికి పేజీ అంటూ ఏమీ లేదు. రెండు పక్కలు కలిసే అంచు ఉంది చూశారా, అదే గీత. ఆ అంచు మీద గాట్లు. అచ్చులైతే మరీ చిన్నవి, నాచు కింద కంటికి ఆనవు. దీపిక కళ్లు మూసుకుని చూపుడువేలితో కింది నుంచి పైకి తడుముతూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆగింది... ఐదు" అని లెక్కపెడుతూ పోయింది. అలా చదివితే వచ్చేది: ఎర్క్ మక్వి మక్వి ఎర్కియాస్ ము దోవినియా. దోవినియా వంశంలో, మక్వి ఎర్కియాస్ కొడుకు ఎర్క్‌ది.

ఈ దోవినియా ఒక స్త్రీ. ఆ తెగవాళ్ల మూలపుటమ్మ, బహుశా దేవత. మగవాళ్ల పేర్లతో నిండిపోయిన రాళ్ల మీద వంశానికి పేరు ఒక ఆడమనిషిది. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క బోర్డు మీద ఆ ప్రాంతం పేరు 'కోర్క గ్వీన' అని ఐరిష్‌లో కనబడింది. గ్వీన అంటే ఆ దోవినియాయే. పదిహేను వందల ఏళ్లు నోళ్లలో నాని, అరిగి, రోడ్డు బోర్డెక్కింది. కారు ఆపించి ఫోటో తీసుకున్నాను. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అర్థమున్న మాట కావాలంటే ఆ రాళ్ల మీద ఉంది, కావలసినంత ఉంది. పేరు కన్నా అర్థమున్న మాట ఏముంటుంది? మన తొలి తెలుగు మాటగా చెప్పుకుని మురిసిపోయే అమరావతి 'నాగబు' కూడా పేరే అంటారు. అందులో అందమైన భావం ఏదీ లేదని మనం ఎప్పుడైనా చిన్నబుచ్చుకున్నామా?

తాగింది దిగని సన్యాసి

ఇక్కడ నన్ను నేనే అడ్డగించుకోవాలి. రాళ్ల మీద లేదంటే ఎక్కడా లేదని ఎలా చెప్పగలను? కర్రల మీద చెక్కి ఉండొచ్చు కదా. పాత ఐరిష్ కథల్లో వీరులు కొమ్మల మీద, కర్రల మీద ఓగం చెక్కడం తరచూ వస్తుంది. కర్ర పుచ్చిపోతుంది, రాయి మిగులుతుంది. ఏ అమ్మాయికో ఏ అబ్బాయో కొమ్మ మీద 'గ్రా'కి ఆనాటి రూపం చెక్కి ఇచ్చి ఉంటే, అది 1500 ఏళ్ల కిందటే పొయ్యిలోకి పోయింది. కాదని నేను ప్రమాణం చేయలేను.

పైగా చిన్న వస్తువులు అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి. 2020లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒకాయన తన పెరట్లో మట్టి తవ్వుతుంటే జానెడు కూడా లేని రాయి దొరికింది, మూడు పక్కల మీద ఓగం. దానిమీదా ముందు కనిపిస్తున్నది మనిషి పేరే అంటున్నారు చదివినవాళ్లు. ఓర్క్‌నీ దీవుల్లో బక్కోయ్ అనే చోట దొరికిన రాతిబిళ్ల ఇంకా ముచ్చటైనది. నూలు వడికే కదురుకి కింద బరువు కోసం తగిలించే బిళ్ల అది. దాని చుట్టూ ఉన్న ఓగాన్ని చాలాకాలం అర్థంకాని గిలుకులనుకున్నారు. 1995లో దాన్ని పాత ఐరిష్‌గా చదివారు: ఫలానావారి ఆత్మకు దీవెన. ఒక ఆడమనిషి వేళ్ల మధ్య రోజంతా గిర్రున తిరిగిన దీవెన. ఇది నా వాదానికి అడ్డమే. ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, అక్కడ కూడా దీవెన ఊరికే గాల్లో లేదు. ఎవరికో ఒకరికి, పేరుపెట్టి.

పేరు కాకుండా ఒంటరిగా, విడిగా, ఓగంలో రాసిన ఒక అసలు సిసలు పాత ఐరిష్ 'మాట' ఒకటి నాకు తెలుసు. స్విట్జర్లండ్‌లోని సెంట్ గాల్ మఠం గ్రంథాలయంలో, తొమ్మిదో శతాబ్దం మధ్యలో ఐరిష్ సన్యాసులు నకలు రాసిన లాటిన్ వ్యాకరణం ఉంది. ఆ పుస్తకం మార్జిన్లలో సన్యాసులు ఏవేవో గిలికారు. చలి, సిరా, ఇవాళ ఏ సెయింట్ పండుగ, ఇలాంటివి. ఒక పేజీ పైన ఓగంలో ఒకే ఒక్క మాట: 'లథెర్ట్'. పాత ఐరిష్ నిఘంటువు ఒకటి ఈ మాటని విడగొట్టి చెప్పిన అర్థం: బీరు చంపేసింది. అంటే రాత్రి తాగింది దిగలేదు, తల బద్దలైపోతోంది, ఎదురుగా మాత్రం వ్యాకరణం.

దాన్ని ఓగంలోనే ఎందుకు రాశాడో! పెద్దాయనకు కనబడకూడదని అనుకున్నాడేమో, ఆ పెద్దాయనకూ ఓగం వచ్చే ఉంటుంది, పాపం. నాకైతే ఆ పేజీ అంటే లాకెట్లన్నిటికన్నా ఇష్టం. ఎవరైనా 'లథెర్ట్' అని వెండి కడ్డీ మీద చెక్కి అమ్మితే నేను కొంటాను, మా తమ్ముడికి పంపిస్తాను.

'ప' లేని ఊళ్లో దీపిక

లాకెట్ మార్చుకుందామని మేం కొన్న కొట్టుకు వెళ్లాం. కొట్టు పేరు అనవసరం, కౌంటరు దగ్గరి పిల్ల మంచిదే. "కావాలంటే పాప పేరు రాసిస్తాం" అంది. పట్టిక తీసి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ పెట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో ఓగం అక్షరం దించడం మొదలుపెట్టింది. మా పిల్ల పేరులో 'ఈ' కోసం రెండు 'ఎ'లు పెట్టింది. అక్కడిదాకా ఓపిక పట్టాను. 'ప' దగ్గరకు వచ్చేసరికి పట్టిక చివర ఎక్కడో ఉన్న అక్షరం తీసి పెట్టింది.

పాత ఓగంలో 'ప' లేదు. ఎందుకంటే ఆ భాషలోనే 'ప' లేదు. నోరు తిరగదు. బయటినుంచి 'ప' ఉన్న మాట ఏదైనా వస్తే దాన్ని 'క్వ', 'క' చేసేసేవాళ్లు. ఈస్టర్ పండుగకు లాటిన్‌లో 'పాస్కా' అంటే వీళ్లకు అది 'కాష్క్' అయింది, ఇవాళ్టికీ అదే మాట. సెయింట్ పాట్రిక్ అంతటి ఆయన్ని కూడా మొదట్లో పట్టుకుని 'కోథ్రగె' చేసేశారు. ఇంకా తమాషా చూడండి. గిఫ్ట్ షాపుల్లో 'గ్రా' తర్వాత ఎక్కువగా కనబడే మాట 'క్లాన్', అంటే పిల్లలు, కుటుంబం. అనాది ఐరిష్ రక్తబంధం అన్నట్టుగా దాన్ని ఉంగరాల మీద చెక్కుతారు. అది లాటిన్ 'ప్లాంటా' నుంచి వచ్చింది. మొక్క, అంటు. చర్చితో పాటు పడవెక్కి వచ్చిన మాట, 'ప' నోరు తిరగక 'క' అయింది. ఇంతకన్నా అందమైన కథ అట్టముక్క మీద రాయొచ్చు. రాయరు.

ఆ లెక్కన ఆ రాళ్లు చెక్కినవాళ్ల నోట మా పిల్ల 'దీకిక' అయ్యేది. దీపిక ఇది విని కొట్టు మధ్యలో పగలబడి నవ్వింది. కౌంటరు పిల్ల కూడా నవ్వింది గానీ మా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. సరే, లాకెట్ అలాగే ఉంచేసుకుని వచ్చేశాం.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు ఆట. ఓగంలో అక్షరాలు ఇరవై, ఐదేసి చొప్పున నాలుగు గుంపులు. గుంపుని 'అయిక్మె' అంటారు, ఆ మాటకు తెగ అని కూడా అర్థం. ఒక తెగ అక్షరాల గాట్లు గీతకు కుడివైపు, ఒక తెగవి ఎడమవైపు, ఒక తెగవి ఏటవాలుగా గీతను దాటి పోతాయి, అచ్చులు అంచు మీదే చిన్న గాట్లు. ఎన్ని గాట్లు, ఎటువైపు, అంతే. అందువల్ల ఏమవుతుందంటే, కాగితం తలకిందులు చేస్తే కుడి ఎడమవుతుంది, ఒక తెగ అక్షరాలు ఇంకో తెగకు మారిపోతాయి. ఏటవాలు గాట్లు మాత్రం మారవు. దీపిక దీన్ని పది నిమిషాల్లో పట్టేసింది. 'మాక్' అని రాసి కాగితం తిప్పింది: 'సామ్' అయింది! 'కొడుకు' అన్న మాట ఎవరో సామ్ అయిపోయాడు. నా లాకెట్‌ని కూడా తిప్పి చదివింది, 'అర్గ్' అట. నేను మెడలో వేసుకుని తల వంచుకుని చూస్తే నాకు ఎప్పుడూ కనబడేది ఆ అర్గే. ఎదుటివాళ్లకు ప్రేమ, నాకు అర్గ్.

క్లాన్ తిప్పితే ఏమవుతుందో రాయను, నోటితో అనలేం. కాగితం తీసుకుని మీరే చూసుకోండి. నవ్వులాటలా ఉన్నా, టాటూ వేయించుకున్నవాళ్లకు ఇది నవ్వులాట కాదు. భుజం మీద పై నుంచి కిందికి ఎక్కించి పంపిన సూది మళ్లీ వెనక్కు రాదు.

ఆ వారమంతా మా భోజనాల బల్ల దగ్గర ముక్కు ఓగం నడిచింది. ఇది నేను కల్పించింది కాదు. 14వ శతాబ్దం చివర్లో రాసిన 'బుక్ ఆఫ్ బల్లీమోట్' అనే పెద్ద పుస్తకంలో ఓగం రకాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. వాటిలో ముక్కు దూలాన్ని గీత అనుకుని దానికి అటో ఇటో వేళ్లు ఆనించి అక్షరాలు చూపించే పద్ధతి ఒకటి, ముంగాలు ఎముక మీద వేళ్లు పెట్టేది ఇంకొకటి. గురువుగారి పాఠం సాగుతుంటే వెనక వరసలో ఏం నడిచేదో ఊహించుకోవచ్చు. దీపిక పప్పన్నం వద్దని ముక్కుతోనే చెప్పింది.

ఓం అట

మా నాన్నకు ఫోన్లో ఇదంతా చెబుతుంటే "దాన్ని ఏమని పలుకుతారమ్మా?" అన్నారు. ఇప్పటి ఐరిష్‌లో 'గ' నలిగిపోయి దాదాపు 'ఓమ్' అన్నట్టే వినిపిస్తుందని చెప్పడం నా తప్పు. "చూశావా! ఓంకారమే!" అన్నారు. సాయంత్రానికి అది మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఐర్లండ్‌లో వేదభూమి అయిపోయింది. పెదనాన్నగారు నమస్కారం బొమ్మ పెట్టారు. ఓంకారానికీ దీనికీ సంబంధం లేదు నాన్నా, పాత రూపంలో 'గ' పలికేవాళ్లు, ఓగ్మా అనే దేవుడు కనిపెట్టాడని వాళ్ల కథ అని చెప్పినా ఎవరికి కావాలి? ఊరడింపుగా ఒక్కటి మాత్రం ఇచ్చాను: ఓగంలో 'ద' అక్షరం పేరు 'దైర్', సింధూర వృక్షం, ఓక్ చెట్టు. అది సంస్కృతం 'దారు'కు నిజంగానే చుట్టం. నాన్న తృప్తి పడలేదు.

ఇలాంటిదే ఇక్కడివాళ్లకూ ఒకటుంది. ఓగం అంటే చెట్ల అక్షరమాల, ఒక్కో నెలకు ఒక్కో చెట్టు, నీ పుట్టినరోజు చెట్టు ఏది అని క్యాలెండర్లు అమ్ముతారు. అక్షరాల పేర్లలో చెట్లవి ఉన్నాయి గానీ సగం కూడా నిక్కచ్చిగా చెట్లవి కావు. నెలల లెక్క 1940ల్లో ఒక ఇంగ్లిష్ కవి అల్లినది. మనకు ఓంకారం, వాళ్లకు చెట్ల క్యాలెండరు. దొందూ దొందే.

కర్ర మీద గాట్లు

ఇదంతా మా ఆఫీసులో ఒకావిడతో కాస్త ఉత్సాహంగా చెప్పాను. ఆవిడది కెర్రీ, యాభై దాటి ఉంటాయి, ఇంట్లో ఐరిష్ విన్న మనిషి. మెడలో ఆవిడకూ ఓగం గొలుసు ఉంది, 'మో ఖ్రీ', నా గుండెకాయ. నేను వాగుతున్నంతసేపూ కాఫీ తాగుతూ విని, "ఇది పాతది కాదని నాకు తెలియదనుకున్నావా?" అంది.

తర్వాత ఆవిడ చెప్పింది 'బాతా స్కోర్' గురించి. 19వ శతాబ్దంలో ఐరిష్ మాట్లాడే పిల్లల మెడలో చిన్న కర్ర కట్టేవాళ్లు. ఐరిష్ మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా కర్ర మీద ఒక గాటు. సాయంత్రమో మర్నాడో టీచరు గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు వేసేవాడు. చాలాచోట్ల ఇంట్లో గాటు పెట్టింది సొంత తల్లిదండ్రులే. పిల్లలు బాగుపడాలనే. ఇంగ్లిష్ రాకపోతే అమెరికా ఓడ ఎక్కి ఏం చేస్తారు? ఆవిడ ముత్తాత వాళ్ల నాన్న మెడలో ఆ కర్ర ఉండేదని ఇంట్లో చెప్పుకునేవారట. "ఇప్పుడు నా మెడలో గాట్లున్న వెండి కర్ర ఉంది. నా డబ్బుతో కొనుక్కున్నది. ఇందులో ఐరిష్ మాటే ఉంది. లిపి ఏ శతాబ్దంది, స్పెల్లింగ్ కరెక్టా అని నువ్వు చూస్తున్నావు" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

నేను ఏం చెబుతాను? 2009లో మైదుకూరులో ఒక బడిలో 'నేనెప్పుడూ తెలుగులో మాట్లాడను' అని రాసిన పలకలు పిల్లల మెడల్లో వేలాడదీశారని పేపర్లో చదివి అందరం గుండెలు బాదుకున్నవాళ్లమే. ఆ ఏడాదే మా అక్క పిల్లల్ని తెలుగు లేని స్కూల్లో చేర్చారు, మంచి స్కూలు దొరికిందని నేనే సంతోషించాను. ఆ పలక మెడలో పడిన పిల్లల్లో ఎవరైనా రేపు పెద్దయి, గొలుసుకి 'అమ్మ' అని తెలుగులో చెక్కించుకుంటే, ఆ ఒత్తు ఏ కాలం నాటిదో తేల్చడానికి భూతద్దం తీసుకుని బయల్దేరతానా?

ఆవిడ మాట విన్నాక నా వాదం చిక్కింది, నిజమే. కానీ పూర్తిగా పోలేదు. ఆవిడ మెడలో ఉన్నదానికీ, నా డబ్బాలో వచ్చినదానికీ తేడా ఉంది. ఆవిడ తన గొలుసు గురించి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇది కొత్తది, నాది అంటోంది. నా పేచీ అంతా అట్టముక్కతోనే. వేల ఏళ్లనాడు ఇలాగే రాసేవాళ్లు అన్న మాటకు ధర కట్టి అమ్ముతున్నారే, దానితో. ఆ మాట వల్ల రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఎర్క్, దోవినియాల అసలు రాయి, పేర్లు తప్ప ఏమీ చెప్పని మొండిరాయి, చూడటానికి వెళ్లినవాడికి చప్పగా అనిపిస్తుంది. "అంతేనా, పేరేనా?" అని ఒకాయన డన్‌మోర్ హెడ్ మీద నా పక్కనే అన్నాడు. రెండోది ఇంకా అన్యాయం. 'గ్రా' అన్న మాట ఇవాళ బతికి ఉంది. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల 70 వేల మందికి పైగా తమకు ఐరిష్ వచ్చని రాయించారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేలకు కాస్త తక్కువ. ఆ రెండు అంకెల మధ్య ఉన్న గొయ్యి చూస్తే కడుపులో దేవుతుంది. ఆ 72 వేల మంది ఇవాళ పొద్దున్న పిల్లల్ని బడికి తరుముతూ, గొర్రెల్ని తిడుతూ వాడిన భాషని పట్టుకుని, ఏనాడో పోయినవాళ్ల భాష అన్నట్టు డబ్బాలో పెట్టి రిబ్బన్ కడితే ఎలా? ఫాదా లేకపోవడం నాకు మొదట చిన్న విషయం అనిపించింది. ఇప్పుడలా అనిపించడం లేదు. బతికున్న భాషకే దీర్ఘాలు కావాలి. దీపిక టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టేది దానికే.

ఆవిడకు ఇది కూడా చెప్పాను. "అట్టముక్క చదివేది నువ్వొక్కదానివే" అంది.

అదీ నిజమే కావచ్చు.

ఈ ఆదివారం నేను వంటింట్లో ఉంటే దీపిక గదిలోంచి చప్పుడు లేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోతే టెన్షన్ కదా, వెళ్లి చూశాను. ఏటా దాని ఎత్తు గుర్తుపెట్టే తలుపు చట్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిల్‌తో చట్రం అంచు మీద కింది నుంచి పైకి గాట్లు పెడుతోంది. అంచే గీత. పోయినేడాది ఎత్తు గుర్తు దాకా వచ్చేసింది. 'ప' ఉండాల్సిన చోట ఎడమవైపు ఐదు గాట్లు, అంటే 'క్వ'. దీక్విక. ఆ పైన 'ఇనిగెన', కూతురు. అన్ని ఓగం రాళ్లలోకీ ఆ మాట ఉన్నది వేల్స్‌లోని ఒకే ఒక్క రాయి మీదని నేనే ఎప్పుడో చెప్పాను. ఆ పైన ఇంకా పేరు రాయలేదు.

"నాన్న పేరా?" అన్నాను.

"దోవినియా అమ్మ కదా" అంది, పెన్సిల్ చెక్కుకుంటూ. కుడివైపు నాలుగు గాట్లు పెట్టింది, 'స'. అంచు మీద మూడు, 'ఉ'. నా పేరుకు ఇబ్బంది లేదు, సునీతలో అన్నీ వాళ్ల దగ్గర ఉన్న అక్షరాలే.

అద్దె ఇల్లు. రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇచ్చి ఉన్నాం. రబ్బరు తెద్దామని లేచాను, తెచ్చాను కూడా. అప్పటికి అది 'త' దగ్గర ఉంది, పైన ఇంకొక్క గాటుకి చోటు సరిపోతుందా అని నన్నే కొలవమంది.